ఫోను అడగని మూడు ప్రశ్నలు
హోసూరులో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌కు వెళ్లే సామాను లారీకి ఏది దగ్గర దారి?

హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో పదకొండేళ్లు పనిచేసిన మా పిన్ని కొడుకు కిందటేడు కుటుంబంతో హైదరాబాద్‌కు మారాడు. బయలుదేరే ముందు రోజు హాల్లో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఫోనులో దారి చూశాడు. ఒకే ఒక్క నీలిగీత. జాతీయ రహదారి 44 మీద బెంగళూరు, చిక్కబళ్లాపురం, పెనుకొండ, అనంతపురం, గుత్తి, కర్నూలు, జడ్చర్ల, హైదరాబాద్. సుమారు 610 కిలోమీటర్లు. ఇక ఆలోచించడానికేముంది అనుకున్నాం.

సాయంత్రం లారీ డ్రైవరు వచ్చాడు. కృష్ణగిరి దగ్గరి పల్లెవాడు, మాట్లాడేది ఆ ప్రాంతపు మొరసునాటి తెలుగు. ఫోను వైపు చూడనే లేదు. "అన్నా, పొద్దున ఎన్ని గంటలకు ఎల్లబారాల? సామాను ఎంత బరువుంటుంది? రెండో డ్రైవరును పెడతారా, నేనొక్కణ్నే తోలాల్నా?" అని అడిగాడు.

ఈ మూడు ప్రశ్నల్లో రెండోదాన్నీ మూడోదాన్నీ ఫోను అసలు అడగలేదు. మొదటిదాన్ని మనం చెబితే వింటుంది గానీ తనంతట తాను అడగదు. దారి ఎంచడమనే పని లోపల ఎలా జరుగుతుందో తెలుసుకుంటే, ఆ ప్రశ్నలకు ఎందుకంత విలువో తెలుస్తుంది.

మూడు రాష్ట్రాల మూల

హోసూరు, కృష్ణగిరి తమిళనాడులోవే అయినా మూడు రాష్ట్రాల మూలలో ఉన్నాయి. హోసూరు దాటి పడమరగా కాస్త పోతే అత్తిబెలె, అక్కడినుంచి కర్ణాటక. కృష్ణగిరి నుంచి ఉత్తరంగా పోతే కుప్పం, అంటే ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొస. హోసూరు, కృష్ణగిరి మధ్య దూరం యాభై కిలోమీటర్లే, కానీ ఎత్తులో తేడా పెద్దది. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున బెంగళూరు పీఠభూమి అంచు మీద ఉంది. కృష్ణగిరి దాదాపు 400 మీటర్లు కింద, పాత బారామహల్ మైదానంలో ఉంది.

కృష్ణగిరిలో రోడ్లు చీలతాయి. ఒకటి సేలం వైపు, ఒకటి వేలూరు మీదుగా చెన్నై వైపు, ఒకటి హోసూరు మీదుగా బెంగళూరు వైపు పోతాయి. నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అది జాతీయ రహదారి 42. కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కదిరి మీదుగా అనంతపురం చేరి 44ను కలుస్తుంది. బెంగళూరు ముఖం చూడకుండా అనంతపురం చేర్చే దారి ఇది. కృష్ణగిరి నుంచి అనంతపురానికి బెంగళూరు మీదుగా సుమారు 300 కిలోమీటర్లు, కుప్పం మీదుగా సుమారు 330. తేడా ముప్పై కిలోమీటర్లే. అయితే 44 వెడల్పాటి, మధ్యలో డివైడరున్న రోడ్డు. 42 చాలా దూరం రెండు వరుసల రోడ్డే, ఊళ్ల నడుమ నుంచి పోతుంది.

హోసూరు వాళ్లకు మూడో దారి కూడా ఉంది. బాగలూరు, మాలూరు మీదుగా హొసకోటె చేరి, అక్కడినుంచి దేవనహళ్లి దగ్గర 44ను అందుకోవచ్చు. ఇది నగరాన్ని తూర్పు నుంచి చుట్టివచ్చే దారి. మొదటి సగం చిన్న రోడ్లు.

నీళ్లు పారించి దారి కనుక్కోవడం

ఫోను ఈ దారులన్నిటినీ ఒక్కొక్కటిగా కొలిచి చూస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కొలవడం కుదరదు. ప్రతి కూడలిలో రెండేసి దారులు చీలినా, ఇరవై కూడళ్లు దాటేసరికి పది లక్షల పైచిలుకు దారులవుతాయి. హోసూరు నుంచి హైదరాబాద్ దాకా కూడళ్లు వేలల్లో ఉంటాయి.

1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే యువ డచ్చి శాస్త్రవేత్త, కాబోయే భార్యతో బజారుకెళ్లి అలసి కాఫీకి కూర్చున్నప్పుడు, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో ఈ చిక్కు విప్పాడు. 1959లో దాన్ని ప్రచురించాడు. అర్మాక్ అనే కొత్త కంప్యూటరు ఏం చేయగలదో మామూలు జనానికి చూపించడానికి 64 డచ్చి ఊళ్ల పటం తీసుకుని, దాని మీద ఈ పద్ధతిని నడిపించాడు.

పద్ధతి ఇది. హోసూరు బస్టాండులో ఒక పెద్ద తూము ఎత్తామనుకోండి. అన్ని రోడ్లూ కాలువలు. నీళ్లు ఒకేసారి అన్ని కాలువల్లోకీ పారతాయి. మంచి రోడ్డులో వేగంగా, గతుకుల రోడ్డులో నెమ్మదిగా. ప్రతి కూడలిలో ఒక మనిషి సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు తన దగ్గరికి మొట్టమొదట వచ్చిన క్షణాన, ఎంతసేపటికి వచ్చాయో, ఏ కాలువలోంచి వచ్చాయో రాసుకుంటాడు. తరువాత వేరే కాలువలోంచి వచ్చే నీళ్లను పట్టించుకోడు, ఆలస్యంగా వచ్చాయి కనుక. చివరికి హైదరాబాద్ తడిసిందనగానే అక్కడి సుద్దగీత చూసి వెనక్కి నడుస్తాం. "జడ్చర్ల వైపు నుంచి" అని ఉంటుంది. జడ్చర్లలో "కర్నూలు వైపు నుంచి" అని ఉంటుంది. అలా వెనక్కి నడుస్తూ హోసూరు చేరితే దారి దొరికినట్టే. లక్షల దారులను పోల్చలేదు, ఒక్కో కూడలిని ఒక్కసారి ముగించాం, అంతే.

నీళ్లకు హైదరాబాద్ ఉత్తరాన ఉందన్న సంగతి తెలియదు కాబట్టి దక్షిణాన సేలం వైపు కూడా వృథాగా పారతాయి. 1968లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో, షేకీ అనే కదిలే రోబో కోసం, ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ వృథాను తగ్గించారు. నేలను గమ్యం వైపు కాస్త వాలుగా చేసినట్టన్నమాట. నీళ్లు అటే ముందు పారతాయి, కానీ అవసరమైతే వెనక్కీ వెళ్లగలవు. 2008లో జర్మనీలోని కార్ల్స్‌రూ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. పాత లారీ డ్రైవరు మనసులో "కర్నూలు నుంచి జడ్చర్ల" అన్నది ఒకే ముక్క, మధ్యలోని ప్రతి పల్లె మలుపునూ తలచుకోడు. అలాగే కంప్యూటరు కూడా పెద్ద ముక్కలను ముందే లెక్కగట్టి దాచిపెట్టుకుంటుంది. వేల కిలోమీటర్ల దారికైనా జవాబు కనురెప్ప వేసేలోగా రావడం ఇందువల్లే.

ఇదంతా గణితపరంగా తిరుగులేనిది. జవాబు తప్పు కావాలంటే ఒకే వీలుంది. ప్రతి కాలువలో నీళ్లు ఎంత వేగంగా పారతాయో ముందుగా చెప్పిన అంకె మన బండికి సరిపడకపోవాలి. డ్రైవరు ప్రశ్నలన్నీ ఆ అంకె గురించే.

మొదటి ప్రశ్న: ఎన్ని గంటలకు?

సిల్క్‌బోర్డు జంక్షన్, హెబ్బాళ ఫ్లైఓవరు పేర్లు వినగానే బెంగళూరు తెలిసినవాళ్లు నిట్టూరుస్తారు. బండ్లు కాస్త పెరిగితే ఆలస్యం కూడా కాస్తే పెరగాలి కదా, అంతలా ఎందుకు గడ్డకడుతుంది?

ఒకే మనిషి కూర్చున్న టికెట్ కౌంటరును ఊహించుకోండి. ఒక్కొక్కరికి సగటున నిమిషం పడుతుంది. జనం వేళాపాళా లేకుండా వస్తుంటారు. కౌంటరు మనిషి సగం సమయం ఖాళీగా ఉండేంత రద్దీ అయితే మనం సగటున ఒక నిమిషం ఆగాలి. వందలో 90 వంతుల సమయం అతనికి పని ఉంటే తొమ్మిది నిమిషాలు. 95 వంతులైతే పందొమ్మిది. చివరి అయిదు వంతుల జనం వల్ల ఆగే సమయం రెట్టింపు దాటింది. క్యూల గణితంలో ఇది పాత ఫలితం. రోడ్డు కూడలి అచ్చంగా కౌంటరు కాదు, కానీ స్వభావం ఇదే. నిండే దాకా ఏమీ తెలియదు, నిండబోతుండగా ఒక్కసారిగా బిగుసుకుంటుంది.

దీనివల్ల ఇంకో ఇబ్బంది ఉంది. ఖాళీ రోడ్డు ఏ రోజైనా ఒకేలా ఉంటుంది. నిండిన రోడ్డు సోమవారం నలభై నిమిషాలు, శుక్రవారం సాయంత్రం రెండు గంటలు. ఫోను చూపేది సగటుకు దగ్గరి అంకె. ఇల్లు మారేవాళ్లకు సగటు కంటే ఆ ఊగిసలాట ముఖ్యం. అవతల అపార్టుమెంటులో సామాను లిఫ్టును సాయంత్రం ఆరు దాకే ఇస్తామని చెప్పి ఉంటే, ఎప్పుడూ పది గంటలు పట్టే దారి, ఒక్కోసారి తొమ్మిది, ఒక్కోసారి పదమూడు పట్టే దారికంటే నా లెక్కలో మేలు.

పైగా ఇప్పుడు హెబ్బాళ దగ్గర ఎర్రగీత ఉంటే అది ఇప్పటి సంగతి. మనం అక్కడికి చేరేది గంటన్నర తరువాత. మంచి పటం అప్పటి రద్దీని పాత రోజుల అనుభవం నుంచి ఊహించాల్సి ఉంటుంది. మూడు రోజుల ముందే దారి ఖాయం చేసుకునేవాళ్లు బయలుదేరే గంటను మార్చి మార్చి అడిగి చూడాలి. తెల్లవారుజామున నాలుగుకు అడిగితే ఒక జవాబు, ఎనిమిదికి అడిగితే ఇంకొకటి. లారీలకు పగలు రద్దీ వేళల్లో నగరంలో ఆంక్షలుంటాయన్నది మరో సంగతి. కారుకోసం గీసిన గీతలో అది ఉండదు.

మాలూరు వైపు చుట్టుదారి ఖాళీగానే ఉంటుందిగా అనిపిస్తుంది. కానీ అలా ఎక్కువ కాలం ఉండదు. ఎందుకో 1952లో జాన్ వార్డ్రప్ అనే ఆంగ్లేయుడు సూత్రంగా చెప్పాడు. ఎవరికి వారు తొందరగా పోయే దారి వెతుక్కుంటూ పోతే, చివరికి వాడుకలో ఉన్న దారులన్నీ ఒకే ప్రయాణ సమయానికి వచ్చి నిలుస్తాయి. పది వేల ఫోన్లు ఒకే అడ్డదారి చూపిస్తే అది అడ్డదారిగా మిగలదు. ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది మన ఆలస్యం కాదు. బాగలూరు, బేరిగె లాంటి పల్లెల రోడ్లు బడి పిల్లల కోసం, రాగి బండ్ల కోసం వేసినవి. మన తొందర భారం వాళ్ల గుమ్మాల ముందు పడుతుంది. ఏడు టన్నుల లారీని ఆ దారిన పంపాలా అన్నది నిమిషాల లెక్కతో తేలే విషయం కాదు.

రెండో ప్రశ్న: ఎంత బరువు?

ఫోను లెక్క ఎక్కువగా కార్ల కదలికను చూసి నేర్చుకున్నది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు వరుసల డివైడరు రోడ్డు మీద కారుకు 100, సరుకు లారీకి 80 కిలోమీటర్లు. మామూలు రోడ్ల మీద కారుకు 70, లారీకి 60. అంటే పెద్ద రోడ్డు వల్ల కారుకు వచ్చే లాభం లారీకి రాదు.

కృష్ణగిరి నుంచి అనంతపురం దాకా ఊహా అంకెలతో చూద్దాం. 44 మీద కారు సగటున 80, లారీ 55 వేగంతో పోతాయనుకుందాం. 42 మీద కారు 50, లారీ 45. కారుకు రెండు దారుల మధ్య తేడా దాదాపు మూడు గంటలు. లారీకి రెండు గంటల లోపే. బెంగళూరులో ఆ రెండు గంటలూ ఇరుక్కుంటే తేడా చెరిగిపోతుంది. కారుకు ఎన్నడూ అక్కరకు రాని కుప్పం దారి లారీకి కొన్ని వేళల్లో అక్కరకొస్తుంది. ఫోను అబద్ధం చెప్పలేదు. కారును అడిగితే కారుకు చెప్పింది.

ఇక ఎత్తుపల్లాలు. ఘాట్ ఎక్కితే డీజిల్ తాగేస్తుందని అందరూ భయపడతారు. భయపడాల్సింది దిగేటప్పుడు.

◆ బాక్స్: కృష్ణగిరి నుంచి హోసూరు ఎక్కడానికి ఎంత ఖర్చు?
బండి, సామాను కలిసి ఏడు టన్నులనుకుందాం. దాన్ని 400 మీటర్లు పైకెత్తడానికి కావలసిన శక్తి ఏడున్నర కరెంటు యూనిట్లు, ఇంట్లో ఒక రోజు వాడకం లాంటిది. లీటరు డీజిల్లో పది యూనిట్ల శక్తి ఉంటుంది, ఇంజను అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువే చక్రాలకు చేర్చగలదు. అంటే ఎత్తు కోసం మాత్రమే అయ్యే అదనపు ఖర్చు రెండు లీటర్లు.

అదే బండి హోసూరు నుంచి కృష్ణగిరికి దిగేటప్పుడు ఆ ఏడున్నర యూనిట్లూ ఎక్కడికో పోవాలి. యాభై కిలోమీటర్ల పొడవునా మెల్లగా దిగే రోడ్డు కాబట్టి టైర్లు దొర్లడంలోని నష్టమే దాదాపు దాన్నంతా మింగేస్తుంది. ఆ ఎత్తునే కొద్ది కిలోమీటర్లలో దించితే టైర్లు మింగేది కొంచెమే. మిగిలిందంతా వేడిగా మారి బ్రేకుల్లోకి దిగుతుంది. ఏడున్నర యూనిట్లంటే దాదాపు 90 లీటర్ల మామూలు నీళ్లను మరిగించే వేడి. బ్రేకు లైనింగు ఒక హద్దు దాటి కాలితే పట్టు వదులుతుంది, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. కృష్ణగిరికి దక్షిణాన ధర్మపురి, సేలం మధ్య తొప్పూరు ఘాట్‌లో లారీలు పదేపదే ప్రమాదాలకు గురయ్యేది ఇటువంటి దిగుడులోనే. పలమనేరు నుంచి చిత్తూరుకు దిగే మొగిలి ఘాట్ కూడా ఆ కోవలోదే. కృష్ణగిరి నుంచి తిరుపతి, నెల్లూరు, విజయవాడ వైపు ఇల్లు మారేవాళ్లు దగ్గరని కుప్పం, పలమనేరు మీదుగా పోతే మొగిలి దిగాలి. వేలూరు, రాణిపేట మీదుగా చుట్టూ తిరిగితే మైదానం. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే గేరు వేయమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. చిన్న గేరులో ఇంజనే బండిని వెనక్కి పట్టి, ఆ వేడిని రేడియేటరు, సైలెన్సరు గుండా బయటికి తోస్తుంది.

ఈ మొగిలి కనుమకు దారి ఎంపికలో పాత చరిత్ర ఉంది. 1791 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ వేలూరు నుంచి బెంగళూరు మీదికి బయలుదేరినప్పుడు, ఆంబూరు కనుమల వైపు పోతున్నట్టు టిప్పు సుల్తానును నమ్మించి, ఉత్తరానికి తిరిగి మొగిలి కనుమ ఎక్కాడు. కోటగోడలు కూల్చే బరువైన ఫిరంగులను ఎద్దులతో, ఏనుగులతో లాగించుకుంటూ పైకెక్కాడు. మార్చి 21న బెంగళూరు కోట అతని చేతికి చిక్కింది. దగ్గర దారి కాదు, ఎదురులేని దారి వెతికాడు.

బరువుతో పాటు కుదుపు కూడా ఉంది. ఫ్రిజ్జు, టీవీ, గాజు అలమర దెబ్బతినేది కిలోమీటర్ల వల్ల కాదు. స్పీడుబ్రేకరు మీద లారీ వెనక చక్రాలు ఎగిరి పడే ఆ అర క్షణంలో సామాను కాస్త గాల్లోకి లేచి తిరిగి పడుతుంది. నాలుగు వరుసల రోడ్డు మీద అలాంటి క్షణాలు తక్కువ. ఊరూరా స్పీడుబ్రేకర్లున్న 42 మీద చాలా ఎక్కువ. మదనపల్లె టమాటా లోడులకు పెట్టెల్లో మెత్త వేసుకునే అలవాటుంది, మన టీవీకి మనమే వేయాలి.

◆ బాక్స్: సరిహద్దుల్లో కాగితాలు
2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చాక సరిహద్దుల్లో అమ్మకపు పన్ను కోసం లారీలు గంటల తరబడి ఆగే రోజులు పోయాయి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు, నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. అయినా సామాను జాబితా, పాత ఇంటి చిరునామా ఉన్న కాగితం, బదిలీ ఉత్తరువు డ్రైవరు చేతిలో ఉంటే మంచిది. 44 మీద పోతే నాలుగు రాష్ట్రాలు, 42 మీద పోతే మూడు. బండికి నేషనల్ పర్మిట్ ఉందో లేదో కిరాయి మాట్లాడేటప్పుడే అడగాలి. మీ సొంత కారును కొత్త రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే కొత్త రిజిస్ట్రేషను తీసుకోవాలి, అందుకు పాత ఆర్టీవో కార్యాలయం నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి.

మూడో ప్రశ్న: ఎవరు తోలతారు?

బెంగళూరు ఖాళీగా ఉండేది అర్ధరాత్రి దాటాక. అయితే అప్పుడే దాటేస్తే సరి కదా?

మనిషి మెదడులో ఒక గడియారం ఉంది. రాత్రి రెండు నుంచి తెల్లవారి ఆరు లోపల అది ఒంటిని నిద్ర వైపు బలంగా లాగుతుంది. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య మరోసారి, కాస్త తక్కువగా. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో పేరుకునే నిద్ర బరువు వేరు. రెండూ ఒకేసారి మీద పడితే కళ్లు తెరిచి ఉండగానే మూడు నాలుగు సెకన్ల కునుకు పడుతుంది. పడినట్టు ఆ మనిషికే తెలియదు. 80 వేగంతో పోయే లారీ మూడు సెకన్లలో దాదాపు 67 మీటర్లు పోతుంది.

రోడ్డు అన్నిటికంటే ఖాళీగా ఉండే వేళ, డ్రైవరు అన్నిటికంటే బలహీనంగా ఉండే వేళ ఒకటే. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు చిక్కు ఇదే. దీన్ని తీర్చే గణితం ఫోనులో లేదు, ఎందుకంటే పగలంతా సామాను మోసి అలసిన మనిషికీ ఎనిమిది గంటలు నిద్రపోయి లేచిన మనిషికీ పటం మీద తేడా లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, ఏకధాటిగా అయిదు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి అని చెప్పింది. 610 కిలోమీటర్లు లారీకి పదకొండు గంటల పైమాట. ఒక్కడే తోలేది కాదు. రెండో డ్రైవరు కూలి దండగ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. అది దారి ఖర్చులో భాగం, టోలు లాగానే.

యాభై కిలోమీటర్లలో మారిన జవాబు

మా తమ్ముడి ఇల్లు హోసూరులో. నాలుగు లోపు బయలుదేరితే తెల్లవారకముందే దేవనహళ్లి దాటొచ్చు. కుప్పం దారి పట్టాలంటే ముందు యాభై కిలోమీటర్లు వెనక్కి దిగాలి. కాబట్టి అతనికి బెంగళూరు దారే సరైనది, ఒక షరతు మీద: లోడింగు ముందు రోజు సాయంత్రానికే ముగియాలి, డ్రైవరు రాత్రి ఎనిమిదికల్లా పడుకోవాలి.

"ఇదే ఇల్లు కృష్ణగిరిలో ఉంటే నేను కుప్పం మీదనే పోదును అన్నా" అన్నాడు డ్రైవరు. లెక్కా అదే చెబుతుంది. కృష్ణగిరి నుంచి తెల్లవారకముందు బెంగళూరు దాటాలంటే రెండున్నరకే బయలుదేరాలి, అంటే నిద్ర సగంలో లేవాలి. ఆరుకు నిదానంగా బయలుదేరి కుప్పం, మదనపల్లె, కదిరి మీదుగా పోతే దారంతా పగటి వెలుగు, రద్దీ అంచనాకు అందుతుంది, ఆ రాత్రి అనంతపురంలోనో కర్నూలులోనో ఆగి మర్నాడు పొద్దున హైదరాబాద్ చేరొచ్చు. గమ్యం ఒకటే, సామాను ఒకటే, బయలుదేరే ఊరు యాభై కిలోమీటర్లు జరిగినందుకు దారే మారిపోయింది.

మాది ఆ షరతు ప్రకారమే జరిగింది. సాయంత్రం ఆరున్నరకు లారీకి టార్పాలిన్ కట్టారు. బరువైన బీరువా, వాషింగ్ మెషీను కింద, ముందువైపు. ఫ్రిజ్జు నిలువుగా. డ్రైవరు సాంబారన్నం తిని కేబిన్‌లోనే పడుకున్నాడు, రెండో డ్రైవరు రాత్రి బస్సులో వచ్చాడు. నాలుగింటికి పావుగంట ముందు లారీ కదిలింది. పిల్లలను లేపి, ఇంటి తాళం ఓనరుకు ఇచ్చి మేము కారులో అయిదుకు బయలుదేరాం.

గుత్తి కోట కనిపించే చోట, తొమ్మిదిన్నర దాటాక, రోడ్డు పక్క హోటలు ముందు మన లారీ ఆగి ఉంది. రెండో డ్రైవరు టీ తాగుతున్నాడు. మొదటాయన ఒక్కో టైరు మీద అరచెయ్యి ఆనించి వేడి చూసుకుంటూ బండి చుట్టూ తిరిగాడు, తరువాత తాళంచెవి రెండో డ్రైవరు చేతిలో పెట్టి కేబిన్ వెనక బెర్తు మీదికి ఎక్కాడు. హైదరాబాద్ ఇంకా మూడు వందల కిలోమీటర్లు.